పూర్వపు తీర్పుల ప్రామాణ్యము: గ్రామోద్యోగముల వ్యాజ్యములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవ సభలలో పురాణమో కావ్యమో ప్రసంగవిషయ మగుట ఆచారము. ఒంటిమిట్ట కోదండరామస్వామి కోవెల గోపురము కనబడుచుండగా భాగవతమును విడిచి కోర్టు తీర్పులను గూర్చి మాటలాడుట పెండ్లిపందిటిలో వ్యాజ్యపు మాట యెత్తినట్లు కొందరికి తోచవచ్చును. అయినను ఈ గ్రంథాలయమునకు వచ్చువారిలో భాగవతము చదువువారెందరో, గట్టు తగవునకో బావి తగవునకో వకీలు ఇంటికి పోవువారును అందరు కలరు. అట్లు పోయినవారికి ఒక అనుభవము సామాన్యము. వకీలు బల్లమీద లావుపాటి పుస్తకము విప్పి, ఫలాని సంవత్సరపు తీర్పు తమకు అనుకూలముగా నున్నదని చెప్పును. కక్షిదారుడు అప్పుడే గెలిచితి ననుకొని కడుపునిండ భోజనము చేయును. వాయిదానాడు ప్రతిపక్షపు వకీలు అంతకంటె లావుపాటి పుస్తకమును విప్పును.

ఈ పుస్తకములలోని తీర్పులకు అంత బల మెక్కడిది? చట్టములు చేయుటకు శాసనసభలుండగా, ఎప్పుడో ఎవరికో ఇచ్చిన తీర్పు నేటి పేద రైతును ఎట్లు బంధించును? సమాధానము కొంత సులభము, కొంత కఠినము. చట్టము సామాన్యమైన మాటలతో నుండును. బ్రదుకులోని తగవులు విశేషములతో నుండును. ఆ మాట ఈ తగవునకు ఎట్లు వర్తించునో తేల్చువాడు న్యాయాధిపతి. ఒకమారు తేల్చిన పిమ్మట అట్టి తగవే మరల వచ్చినపుడు అట్లే తేల్చవలెను. ఒకే విధమైన రెండు వ్యాజ్యములకు రెండు విధముల తీర్పు వచ్చునెడల జనులు కోర్టునకు పోవుట మాని సోదెకత్తె వద్దకు పోదురు.

పూర్వము ఈ దేశమున ఈ పద్ధతి కలదా యని అడుగువారుందురు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచించెను. దాని ననుసరించి పదమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును వెలయించెను. ఋణములు, దాయభాగము, సరిహద్దులు, సాక్షులు మొదలగు వ్యవహారములన్నియు అందు తెలుగు పద్యములుగా నున్నవి. పద్యములుగా ధర్మశాస్త్రమును వినగలిగిన జాతికి నేటి చట్టముల భాష రుచింపకుండుట వింత గాదు. స్మృతివాక్యములు రెండు పరస్పరము విరోధించినపుడు లోకవ్యవహారము ననుసరించిన యుక్తియే బలీయమని యాజ్ఞవల్క్యుని మతము. అనగా శాస్త్రము, ఆచారము, యుక్తి యను మూడును ప్రమాణములు. అయితే ఫలాని రాజు ఫలాని వ్యాజ్యమున ఇట్లు తీర్చెను గనుక నేడును ఇట్లే తీర్పవలె నను వాదమునకు ఆ గ్రంథములలో ప్రాధాన్యము లేదు.

ఆ వాదము ఇంగ్లీషువారితో వచ్చినది. 1800వ సంవత్సరమున నైజాము ఈ సీమను కుంఫిణీవారికి వదలుకొనుటతో కడప మండలము మద్రాసు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడెను. దానిపై సముద్రమున కావల లండనునందు ప్రివీ కౌన్సిలు. 1868లో రామనాథపురపు జమీందారీ దత్తత వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలువారు, స్పష్టముగా రుజువైన ఆచారము గ్రంథవాక్యము కంటె బలవత్తరమని నిర్ణయించిరి. ఇందొక చమత్కారము కలదు. ఆచారము గొప్పదని చెప్పిన ఆ తీర్పే అటుపిమ్మట ప్రతి కోర్టునను ఉదాహరింపబడుచు, తానే ఒక ప్రమాణమై కూర్చుండెను.

తీర్పులు ప్రమాణములు కావలెనన్నచో అవి అచ్చుపడవలెను. 1875లో ఇందులకై ఒక చట్టము పుట్టి, 1876 నుండి ఇండియన్ లా రిపోర్ట్సు వెలువడ నారంభించెను. నోటిమాటగా నిలిచిన తీర్పు మూడవ ఊరు చేరునప్పటికి మూడు రూపములు దాల్చును. అచ్చుయంత్రము, గ్రంథాలయము లేని చోట ఈ పద్ధతి నడువనేరదు. పుస్తకములు పంచు ఈ సంస్థకును న్యాయస్థానమునకును గల చుట్టరికము అది.

ఇక తీర్పులో ఏ భాగము బంధించును? సామాన్యులు పొరబడునది ఇచ్చటనే. ఒక చెరువును ఊహింపుడు. వానలు చాలక నీరు సగమే నిలిచినది. తూము దగ్గరి రైతులు తమకు ముందనిరి. చివరి కయ్యలవారు తమకు ముందనిరి. పెద్దలు విచారించి, మొన్నటి వేసవిలో గండిపడిన కట్టను పూడ్చుటకు చివరి కయ్యలవారు మాత్రమే వచ్చిరి గనుక ఈ యేడు వారికే ముందు నీరని తీర్చిరి. పోవుచు పోవుచు, నీరుగంటికి ధాన్యము మఱికొంత పెంచిన బాగుండునని కూడ అనిరి. మరుసటి కరవు ఏట చివరి కయ్యలవారు మరల వచ్చి, నిరుటి తీర్పు ప్రకారము తమకే ముందు నీరనిరి. ఆ తీర్పు వారికి ఉపకరించునా? వారు ఈమారు కట్టకు పలుగు పార తేకయున్న యెడల ఉపకరింపదు. తీర్పునకు ప్రాణము “చివరి కయ్యలకు ముందు” అను ఫలము కాదు, “కట్టను కాచినవానికి ముందు” అను హేతువు. తూము దగ్గరివారే ఈ వేసవిలో కట్టను పూడ్చి యున్నచో, నిరుడు తమ్ము నోడించిన తీర్పునే నేడు చేతబట్టుకొని గెలువవచ్చును. నీరుగంటి ధాన్యపు మాట ప్రాసంగికముగా వచ్చినది. అది పెద్దల అభిప్రాయమే కాని ఎవరిని బంధింపదు.

న్యాయవాదులు చేయు వాదములో పెద్దభాగ మింతియే. తనకు అనుకూలమైన పాత తీర్పు యొక్క హేతువు నేటి వ్యాజ్యమునకు సరిగా సరిపోవునని ఒకడు చూపును. ఆ రెండు వ్యాజ్యములకు నడుమ ముఖ్యమైన భేదమున్నదని మఱియొకడు చూపును.

అన్ని తీర్పులకును బలము సమానము కాదు. రాజ్యాంగము 141వ అధికరణము ప్రకారము సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయము దేశములోని కోర్టులన్నిటికిని శిరోధార్యము. హైకోర్టు తీర్పు ఆ రాష్ట్రములోని క్రింది కోర్టులను బంధించును. పొరుగు రాష్ట్రపు హైకోర్టు తీర్పు గౌరవార్హమే గాని బంధకము కాదు. ఒకే కోర్టులోను ఒక్క న్యాయాధిపతి ఇచ్చినది, ఇద్దరు కూర్చుండి ఇచ్చినది, ముగ్గురో అంతకు మించినవారో ఫుల్ బెంచిగా కూర్చుండి ఇచ్చినది ఒకదానికంటె నొకటి బలమైనవి. జిల్లా మున్సిఫు తీర్పు ఆ వాది ప్రతివాదులకు తప్ప ఇతరులకు ప్రమాణము కాదు. పక్క ఊరివారు గెలిచిరి గనుక తామును గెలుతుమని మున్సిఫు కోర్టు డిక్రీ నకలు పట్టుకొని తిరుగువారు ఈ సంగతి గమనింపవలెను.

ఈ అంతస్తుల విషయమై తెలుగువారికే ఒక చిక్కు వచ్చినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధానియు హైకోర్టును వేర్వేరు చోట్ల నుండవలెననియు, కోరుకొను హక్కు రాయలసీమకు ముందుగా నుండవలెననియు అంగీకరించి యుండిరి. అందుచేత కర్నూలు రాజధాని కాగా, 1954 జూలై 5వ తేదీన గుంటూరున హైకోర్టు ప్రారంభమాయెను. కొత్త కోర్టు, కొత్త రాష్ట్రము. అంతకు పూర్వము తొంబదేండ్లకు పైగా మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఈ కొత్త కోర్టును బంధించునా? మద్రాసు ఇప్పుడు పొరుగు రాష్ట్రము కదా! బంధింపవన్నచో, ఆ తీర్పులను నమ్మి భూములు కొన్నవారు, పంపకములు చేసుకొన్నవారు, దత్తతలు తీసికొన్నవారు అందరును మరల వాదములోనికి దిగవలసివచ్చును. 1955లో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారి ఆధ్వర్యమున ఫుల్ బెంచి సుబ్బరాయుడు కేసులో దీనిని తేల్చెను. ఈ ప్రాంతముపై మద్రాసు హైకోర్టుకు గల అధికారమే గుంటూరు హైకోర్టుకు సంక్రమించినది గనుక, 1954 జూలై 5వ తేదీకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఇచ్చటను బంధకములేయని నిర్ణయించిరి. ఇల్లు పంచుకొన్నను తండ్రి చేసిన పత్రములు చెల్లినట్లే. 1956లో ఆ కోర్టు హైదరాబాదునకు తరలి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాగా, 2019 జనవరి 1 నుండి అమరావతియందు ఆంధ్రప్రదేశమునకు, హైదరాబాదునందు తెలంగాణమునకు వేర్వేరు హైకోర్టులు నడుచుచున్నవి. ఉమ్మడినాటి తీర్పులు రెంటిలోను నేటికిని ఉదాహరింపబడుచునే యున్నవి.

ఇంతవరకు చెప్పినది పద్ధతి. ఆ పద్ధతి గ్రామములోని కచేరి చావడిని ఎట్లు తాకినదో ఇక వినదగును. కరణము, మునసబు అను పేర్లు ఈ సభలోని పెద్దలకు క్రొత్తవి కావు. అడంగలు వ్రాయుట, శిస్తు లెక్క కట్టుట, జనన మరణములు నమోదు చేయుట వారి చేతిలో నుండెను. తండ్రి పిమ్మట కొడుకు, అతని పిమ్మట మనుమడు. జనులు దీనిని మిరాశి యనిరి. ఇల్లు, పొలము వలె ఇదియు ఆస్తియే యని కరణముల కుటుంబములు తలచెను. కుంఫిణీవారు 1802లోనే కరణములను గూర్చి 29వ రెగ్యులేషను చేసిరి. తరువాత మద్రాసు ప్రభుత్వము 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము చేసెను.

ఈ ఉద్యోగము ఆస్తియా కాదా అనునది మొదట అన్నదమ్ముల తగవుగా పైకి వచ్చినది. 1921లో ముస్టివారి కుటుంబ వ్యాజ్యమున ప్రివీ కౌన్సిలు, కరణము వంశహక్కు చేత గాక స్వయముగా నియమింపబడినవాడుగా ఆ పదవి నందుండుననియు, కొన్ని చోట్ల ఆ నియామకము ఒక కుటుంబములోని యోగ్యునికి ముందుగా ఇయ్యబడుట మాత్రమే కలదనియు చెప్పెను. ఆనాడు ఈ మాట అన్నదమ్ముల నడుమ ఈనాము భూముల వాటాలకు సంబంధించినది. అది మునుముందు ఎంతదూరము పోవునో ఊహించినవారు అరుదు.

1950లో రాజ్యాంగము వచ్చెను. దాని 16వ అధికరణము రెండవ ఖండము ప్రకారము ప్రభుత్వోద్యోగ విషయమున మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము అను కారణములచేత మాత్రమే ఎవరిపట్లను వివక్ష చూపరాదు. ఆ జాబితాలో “వంశము” అను చిన్నమాటను కరణముల, మునసబుల ఇండ్లవారు పట్టించుకొన్నట్లు లేదు.

గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలి యను గ్రామమును రెండుగా విభజించిరి, కొత్తది పెరవలిపాలెము. దానికి మునసబు కావలెను. 1895 చట్టము ఆరవ సెక్షను ప్రకారము, గ్రామములను విభజించినపుడు కొత్త ఉద్యోగములకు పూర్వపు ఉద్యోగుల కుటుంబములనుండియే కలెక్టరు ఎన్నిక చేయవలెను. గాజుల దశరథ రామారావు అను దరఖాస్తుదారుడు మొదట నియమింపబడినను, అప్పీలులో అది రద్దై, పెరవలి మునసబు కుమారునికే ఆ పదవి దక్కెను. దశరథ రామారావు నేరుగా సుప్రీంకోర్టున రిట్ దాఖలు చేసెను. ఒక చిన్న పల్లె మునసబుగిరికై ఢిల్లీ దాక పోవుట ఆనాటివారికి విపరీతముగా తోచి యుండును.

గ్రామోద్యోగము పురాతన ఆచారముననుసరించి కుటుంబమునకు చెందిన ఆస్తివంటిది గనుక 16వ అధికరణము దానికి వర్తింపదను వాదము బయలుదేరెను. 1960 డిసెంబరులో ఇచ్చిన తీర్పున సుప్రీంకోర్టు దానిని త్రోసివేసెను. నియమించువాడు ప్రభుత్వాధికారి, తొలగించువాడు ప్రభుత్వాధికారి, చేయు పని శిస్తు వసూలు మొదలుకొని ప్రభుత్వపు పని. కావున అది ప్రభుత్వము క్రింది ఉద్యోగమే. ఉద్యోగమునుబట్టి ప్రతిఫలము వచ్చును గాని, ప్రతిఫలమునుబట్టి ఉద్యోగము ఆస్తి కాజాలదు. కేవలము వంశమును పట్టి ఎన్నిక చేయుమను ఆ నిబంధన, ఆ మేరకు చెల్లదని తీర్చిరి. 1921లో వాటాల వ్యాజ్యమున విత్తిన భావము, ముప్పదితొమ్మిది సంవత్సరములకు రాజ్యాంగబలముతో చెట్టై నిలిచెను.

ఈ తీర్పు హేతువేమి? పెరవలిపాలెపు మునసబుగిరి ఎవరిదను మాట ఆ ఊరివారికే. మునసబు పదవులన్నియు రద్దయిన వనుకొనుటయు తప్పే; సుప్రీంకోర్టు అట్లనలేదు. ప్రభుత్వము క్రింది ఉద్యోగమును పుట్టుక యొక్క కారణముచేతనే ఒకనికిచ్చి మఱియొకనికి కాదనరాదనునదే హేతువు. ఆ వ్యాజ్యమున కరణమెవ్వడును కక్షిదారుడు కాదు. అయినను ఆ హేతువు కరణీకమునకు అక్షరాల వర్తించును. తమ పేరు లేని వ్యాజ్యమున, తామెరుగని ఊరిలో, రాష్ట్రములోని కరణముల వంశహక్కు ముగిసినది. ఆంధ్ర ప్రాంతమునకు 1969లో గ్రామోద్యోగుల సర్వీసు నిబంధనలు ఏర్పడినవి.

దాని వెంట ఇంకొక వరుస తీర్పులు వచ్చినవి. మైసూరు రాష్ట్రము 1961లో చట్టము చేసి తన గ్రామోద్యోగములను, అనగా పటేళ్ల, శానభోగుల వంశపారంపర్య పదవులను రద్దు చేయగా, 1966లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. తమిళనాడు 1980లో గ్రామోద్యోగులను తొలగించుచు ఆర్డినెన్సు చేసెను. 1982లో రాజేంద్రన్ కేసున అదియు నిలిచెను. 1984 జనవరి 6వ తేదీన ఆంధ్రప్రదేశమున ఎన్.టి.రామారావు ప్రభుత్వము పార్ట్‌టైము గ్రామోద్యోగములను రద్దుచేయు ఆర్డినెన్సు తెచ్చెను. కరణములు, మునసబులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 1985లో టి. వెంకటరెడ్డి కేసున ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాజేంద్రన్ కేసు ననుసరించి వారి పిటిషన్లను కొట్టివేసెను.

ఇచ్చట ఒక సూక్ష్మమును గుర్తింపవలెను. 1960 నాటి తీర్పు, ఉద్యోగము ఎవరికియ్యవలెనను ప్రశ్నకు సమాధానము. 1985 నాటిది, ఆ ఉద్యోగమే యుండవలెనా వలదా యను ప్రశ్నకు సమాధానము. మొదటిదానినుండి రెండవది తనంతట తాను రాదు. వంశహక్కు పోయిన పిమ్మట పరీక్ష వ్రాసి యోగ్యతచేత నియమింపబడిన కరణమునకు 1960 తీర్పు శత్రువు కాదు. అతనికి అడ్డువచ్చినవి పదవులను సృష్టించుటయు తీసివేయుటయు ప్రభుత్వ విధానమునకు సంబంధించిన పని యను మైసూరు, తమిళనాడు తీర్పులు. గ్రామములలో నేటికిని ఈ రెంటిని కలిపి, ఒకే తీర్పుతో అంతయు పోయెనని చెప్పుకొందురు. పుట్టుకచేత ఉద్యోగమను పద్ధతి పోవుట న్యాయమే. లెక్కలు తప్ప వేఱుపని నేర్వని వారిని ఒక్క ఆర్డినెన్సుతో ఇంట కూర్చుండబెట్టుట కఠినమే. రెండవది న్యాయస్థానము తూచు త్రాసులో పడలేదు.

వెంకటరెడ్డి కేసులో మఱియొక ముడి యుండెను. ఆర్డినెన్సు తాత్కాలికము. శాసనసభ సమావేశమైన ఆరు వారములకు, చట్టముగా మారనిచో, అది తీరిపోవును. ఆర్డినెన్సు తీరిపోయినచో రద్దయిన పదవులు మరల లేచి వచ్చునా? ఒడిశా నుండి వచ్చిన 1962 నాటి భూపేంద్రకుమార్ బోస్ కేసు ననుసరించి, ఆర్డినెన్సు తీరిపోయినను అప్పటికే జరిగిపోయిన రద్దు నిలుచుననియు, పదవులు బ్రదికి రావనియు 1985 ధర్మాసనము చెప్పెను. ఇట్లు కరణముల ఓటమి కూడ ఒక ప్రమాణమై, లా రిపోర్టుల కెక్కెను.

ప్రమాణము శాశ్వతమా? ఇంగ్లండున ప్రభువుల సభ 1898 నుండి తన తీర్పులకు తానే కట్టుబడియుండి, 1966లో ఆ కట్టును సడలించుకొనెను. సుప్రీంకోర్టు 1955లోనే బెంగాల్ ఇమ్యూనిటీ కేసున, రెండేండ్ల వెనుకటి తన తీర్పును తానే త్రోసిరాజని, అవసరమైనచో దిద్దుకొనవచ్చునని తెలిపెను. గుంటూరున పాత తీర్పులకు పట్టాభిషేకము చేసిన కోకా సుబ్బారావుగారే భారత ప్రధాన న్యాయమూర్తియై, 1967లో గోలక్‌నాథ్ కేసున ఆరుగురికి ఐదుగురు వ్యతిరేకముగా నుండగా, 1951, 1965 నాటి తీర్పులను త్రోసివేసిరి. అయితే జరిగిపోయినవానిని కదపక, ఇకముందుకే కొత్త సూత్రము వర్తించునని హద్దు గీచిరి. ఆ తీర్పును 1973లో కేశవానంద భారతి కేసున పదుముగ్గురు న్యాయమూర్తులు కూర్చుండి త్రోసివేసిరి. దిద్దుటకు ఎక్కువ సంఖ్య కావలెను. ఐదుగురి మాటను మఱియొక ఐదుగురు కాదనుట మర్యాద కాదు.

కరణముల తీర్పునకును అట్టిదినము వచ్చినది. బీహారు ప్రభుత్వము 1989లో 429 ప్రైవేటు సంస్కృత పాఠశాలలను ఆర్డినెన్సు ద్వారా స్వాధీనము చేసికొని, ఒకదాని వెంట నొకటిగా ఆర్డినెన్సులు పొడిగించి, కడకు 1992లో తీరిపోనిచ్చెను. తాము ప్రభుత్వోద్యోగులమైతిమని, ఆర్డినెన్సు తీరినను ఆ హక్కు నిలుచునని పండితులు వాదించిరి. వారి చేతిలోని ఆయుధము వెంకటరెడ్డి కేసు. కడప మండలపు కరణములను ఓడించిన హేతువు బీహారు సంస్కృత పండితులకు ఆశయైనది! 2017 జనవరి 2వ తేదీన కృష్ణకుమార్ సింగ్ కేసున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఆశను వమ్ము చేసెను. ఆర్డినెన్సును పదేపదే పునరుద్ధరించుట రాజ్యాంగమును మోసగించుటయనియు, ఆర్డినెన్సు తీరినపిమ్మటను దాని ఫలము తనంతట తాను నిలుచునను సిద్ధాంతము సరికాదనియు ఆధిక్యము చెప్పెను. 1962, 1985 తీర్పులు ఆ మేరకు చెల్లకపోయెను.

అయినచో 1984లో పోయిన కరణీకములు తిరిగి వచ్చునా? రావు. ఒక తీర్పులోని సూత్రము తరువాత త్రోసివేయబడినను, ఆ వ్యాజ్యపు కక్షిదారుల మధ్య నాటి నిర్ణయము తుది నిర్ణయమే. సూత్రము మారవచ్చును, ముగిసిన వ్యాజ్యము ముగిసినదే. అట్లు కానిచో ఏ డిక్రీకిని నెమ్మది యుండదు.

కావున వకీలు పుస్తకము విప్పినపుడు కక్షిదారుడు అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. అది ఏ కోర్టు తీర్పు? ఎందరు న్యాయమూర్తులు? తన వ్యాజ్యమునకు సరిపోవునది అందలి ఫలమా, హేతువా? తరువాత ఎవరైన దానిని త్రోసివేసిరా? నాల్గవ ప్రశ్న అడుగక పోవుటచేత చచ్చిన తీర్పును మోసికొని హైకోర్టు దాక పోయినవారు కలరు. ఇంగ్లీషు రానివారు ఇవి తెలిసికొనుట పూర్వము దుర్లభముగా నుండెను. 2019 నుండి సుప్రీంకోర్టు తన తీర్పులలో కొన్నింటిని తెలుగునకు అనువదించి ప్రకటించుచున్నది. 2023 నుండి ఆ కోర్టు తీర్పుల సంపుటములను ఎవరైనను వెల లేకుండ కంప్యూటరులో చదువవచ్చును. అనువాదపు తెలుగు కొంత బిగువుగా నుండునన్నది నిజమే. కేతన పద్యములను చదివి అర్థము చెప్పుకొన్న చందాదారులకు అది అసాధ్యము కాదు. వానిలో భూమికి, నీటికి, వారసత్వమునకు సంబంధించినవి ఏరి అచ్చుతీయించి ఒక అలమరలో నుంచుటకు గ్రంథాలయ కార్యవర్గము వీలు చేసికొన్నచో, వాయిదాకు పోవువారు పోవుచు త్రోవలో ఇచ్చట ఒక గడియ కూర్చుండవచ్చును.